బేస్‌మెంట్‌లో ఆగిపోయిన ఓడ

క్రితం వారం మనం ప్రణవిని బేస్‌మెంట్ మెట్ల మీద, చేతిలో పాప్‌కార్న్ గిన్నెతో వదిలేసి వచ్చాం. పాపం ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ఏడో క్లాసు నుంచి తను ప్రాణం పెట్టి చూసిన యానిమే 'సాల్ట్ ఫ్లాగ్'. సముద్రపు దొంగల కథ. బొమ్మల్లో చూసిన ఆ దొంగలు ఇప్పుడు నిజం మనుషులై, నిజం ఓడ ఎక్కి, సిరీస్‌గా వచ్చేశారు. రిలీజైన దగ్గర్నుంచి ఫోన్‌లో ఒక్క క్లిప్ కూడా కంటపడకుండా కళ్ళు మూసుకు తిరిగి, శనివారం మధ్యాహ్నం ఫ్రెండ్ మాయతో కలిసి చూద్దామని కూర్చుంది ప్రణవి. వాళ్ళుండే ఊరు నోవైలో పొద్దున మొదలైన మంచు ఆగనేలేదు. మాయ రాలేనని మెసేజ్ పెట్టింది. మాయ రావాల్సిన టైమ్‌కి బెల్ కొట్టింది మాత్రం జ్ఞానప్రసూన ఆంటీ, పక్కన ఆవిడ కొడుకు అఖిల్. ఆంటీ చేతిలో జనపనార సంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న వెండి కుంకుమ భరిణె.

కుంకుమ భరిణె పట్టుకుని ఎవరూ వాచ్ పార్టీకి రారు.

ఇక్కడ ఒక విషయం గుర్తు చేయాలి. నాలుగేళ్ళ పిల్లగా నాన్న వీసా మీద ఈ దేశం వచ్చింది ప్రణవి. జూన్‌లో ఇరవై ఒకటి నిండగానే ఆ వీసా తనని వదిలేస్తుంది. స్టూడెంట్ వీసాకి మారితే కనీసం కాలేజీ పూర్తి చేసుకోవచ్చు. ఆ కాగితాల మీద జనవరిలోనే సంతకాలు పెట్టేసింది, నాన్న ఆఫీస్ నుంచి ఒక్క లెటర్ వస్తే లాయర్ పంపించేస్తాడు. ఇంకో దారి కూడా ఉంది. అమ్మ ఇంతవరకూ నోరు తెరిచి అనని దారి. అఖిల్ ఇక్కడే పుట్టాడు, ఈ దేశ పౌరుడు.

"అక్కడే నిలబడ్డావేం ప్రణూ, రా," అని కింద నుంచి పిలిచింది అమ్మ రేణు. "అందరం నీ కోసమే వెయిటింగ్."

అందరం అంటే నిజంగానే అందరూ. ప్రొజెక్టర్ ముందు ఎప్పుడూ చెల్లాచెదురుగా ఉండే రెండు రిక్లైనర్లు ఈ రోజు పెళ్ళి పీటల్లా పక్కపక్కన జరిగి ఉన్నాయి. ఒక దాంట్లో అఖిల్. వెనక సోఫాలో అమ్మ, ఆంటీ. నాన్న కృష్ణమోహన్ కాఫీ టేబుల్ అంచున, ఎప్పుడు లేవమంటే అప్పుడు లేవడానికి సిద్ధంగా కూర్చున్నాడు. మూలన ట్రెడ్‌మిల్, దాని మీద ఆరేసిన బట్టలు. గోడకి ఎత్తుగా ఉన్న ఒకే ఒక్క చిన్న కిటికీని మంచు సగం దాకా మింగేసింది.

"వదినగారూ, కాళ్ళు పైకి పెట్టుకోండి, చల్లగా ఉంటుంది," అంది అమ్మ.

ప్రణవి చెవులు నిక్కబొడుచుకున్నాయి. మొన్న సంక్రాంతి ప్రోగ్రామ్ దాకా ఆవిడ 'ప్రసూన గారు'. వదినగారు ఎప్పుడయ్యారు?

ఖాళీ రిక్లైనర్ తప్ప కూర్చోవడానికి చోటు లేదు. కూర్చుంది. పక్కకి చూడకూడదని గట్టిగా అనుకుని నేల వైపు చూస్తే అఖిల్ సాక్స్ కనపడ్డాయి. వాటి మీద ఆఫీసర్ టోపీ పెట్టుకున్న బాతు బొమ్మలు. 'సాల్ట్ ఫ్లాగ్'లో ఓడ లెక్కలన్నీ చూసేది ఆ బాతే. ఓహో, నిన్న ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టించి తొడిగించారన్నమాట, నాలుగు వీడియోలు చూపించి ఫ్యాన్‌లా యాక్ట్ చేయమన్నారన్నమాట అనుకుని పళ్ళు కొరికింది. కానీ ఆ బాతులు వెలిసిపోయి ఉన్నాయి. ఎడమ మడమ దగ్గర చిరుగు కూడా ఉంది.

ఇంతలో స్క్రీన్ మీద సముద్రం తెరుచుకుంది.

ఒప్పుకోవాలి, ఆ మొదటి పది నిమిషాలు ప్రణవి ఈ లోకంలో లేదు. లైవ్ యాక్షన్ అనగానే తనకి ఎన్ని భయాలో. విగ్గులు విగ్గుల్లా ఉంటాయేమో, కెప్టెన్ హిబి నవ్వు పాడు చేస్తారేమో, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ బాతుని ఏం చేస్తారో. బాతు వచ్చింది. గ్రాఫిక్స్ కాదు. నిజం ఈకలు అతికించి, చేత్తో ఆడించే బొమ్మ, మెడ తిప్పినప్పుడల్లా టోపీ కొంచెం పక్కకి జారుతోంది, సరిగ్గా యానిమేలో జారినట్టే. హిబి కూడా సరిగ్గా ఉంది, ముక్కలు ముక్కలుగా కుట్టిన కోటు, ఊడిన పన్ను, గొంతులోంచి పొంగుకొచ్చే ఆ నవ్వు. ప్రణవి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇది ఏడవాల్సిన సీను కాదు కాబట్టి పాప్‌కార్న్ గిన్నెలోకి మొహం దించేసుకుంది.

"ఆ బాతు నిజందేనా?" అని వెనక నుంచి ఆంటీ.

"అంతా కంప్యూటర్ అండీ," అని నాన్న.

"బొమ్మ అది, అంకుల్," అని అఖిల్.

"ఆ అమ్మాయి అదే కోటు ఎన్నాళ్ళు వేసుకుంటుందే? ఓడలో ఉతుక్కోవడానికి నీళ్ళుండవా?"

"చుట్టూ నీళ్ళేగా ఆంటీ," అనేసింది ప్రణవి, అసలు మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్న సంగతి మర్చిపోయి.

"ఉప్పు నీళ్ళల్లో సబ్బు నురగ రాదమ్మా," అంది ఆంటీ, చాలా సీరియస్‌గా. అమ్మ నవ్వింది. ఆ నవ్వులో ఏదో కుదిరిపోతున్న ధీమా వినిపించి, ప్రణవి మళ్ళీ తెర వైపు తిరిగిపోయింది.

తర్వాత ఓడ గాలి లేని సముద్రంలోకి వెళ్ళింది. యానిమేలో ఆ భాగం సాగీ సాగీ నడుస్తుంది, చాలామంది అక్కడే విసుగొచ్చి మానేస్తారు. తెరచాపలు వేలాడిపోతాయి, తిండి అయిపోతుంది, చివరికి వంటవాడు పాత తాళ్ళు ఉడకబెట్టి సూప్ చేస్తాడు. అందరూ ఆ సూప్ తాగుతూ ఎవరింట్లో ఏం వండేవాళ్ళో చెప్పుకుంటారు. ప్రణవికి ప్రపంచంలో అంతకంటే ఇష్టమైన సీను లేదు. ఇక్కడ మాత్రం ఓడ ఆగింది, అందరూ గిన్నెడు నీళ్ళతో తెరచాప తడిపారు, హిబి ఆకాశం వైపు చూసింది, గాలి వచ్చేసింది. అంతే.

"సూప్ తీసేశారు," అని పక్క రిక్లైనర్‌లోంచి ఒక గొణుగుడు.

ఎవరినీ ఉద్దేశించి అన్నది కాదు. పైగా నాలుగు వీడియోలు చూసినవాడికి సూప్ గుర్తుండదు.

ప్రణవి రిమోట్ తీసుకుని పాజ్ నొక్కింది. తెర మీద ఓడలో వాళ్ళంతా తడి తెరచాప పట్టుకుని అలాగే ఆగిపోయారు.

"బ్రేక్ తీసుకుందామా?" అంది అమ్మ వెంటనే, ఈ మాట కోసమే కాచుకున్నట్టు. "టీ పెడతాను. ఏమండీ, మీరూ రండి. వదినగారూ, మీరు కూడా. వీళ్ళు మాట్లాడుకుంటారు."

మూడు జతల పాదాలు మెట్లెక్కి వెళ్ళిపోయాయి. పైన తలుపు మెల్లగా, మరీ మెల్లగా మూసుకుంది.

"ఆ సాక్స్ ఎప్పటివి?" అంది ప్రణవి.

అఖిల్ కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "కాలేజ్‌లో కొన్నా. ఎందుకు?"

"మీ అమ్మగారు కొనిచ్చారేమో అనుకున్నా. యాక్టింగ్‌కి."

"యాక్టింగ్ ఏంటి? వాళ్ళు సూప్ తీసేశారు, ప్రణవి. తాళ్ళు ఉడకబెట్టిన సూప్. అది లేకపోతే వాళ్ళు ఫ్యామిలీ ఎలా అవుతారు? వాళ్ళు జస్ట్ కొలీగ్స్."

నవ్వొచ్చింది. రాకూడని టైమ్‌లో వచ్చింది. వీడు మోసగాడైతే ఎంత తేలిగ్గా ఉండేదో అనుకుంది ప్రణవి.

"నిన్ను ఏం చెప్పి తీసుకొచ్చారు?"

"నువ్వు ఓకే అన్నావ్ అని." అఖిల్ తెలుగు ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు ఉంటుంది. "ఫస్ట్ ఎపిసోడ్ కలిసి చూస్తాం, తర్వాత తాంబూలం అని నువ్వే కండిషన్ పెట్టావంట కదా. నాకు అది చాలా నచ్చింది."

"నేను ఏ కండిషనూ పెట్టలేదు. నువ్వు వస్తున్నావని బెల్ కొట్టేదాకా నాకు తెలీదు."

అఖిల్ మొహంలో రంగు దిగిపోయింది. రిక్లైనర్ వెనక్కి వాలి ఉండటంతో లేవబోయి లేవలేక, పక్కనున్న మీట కోసం తడుముకున్నాడు. అది పట్టుకుని లాగితే కుర్చీ ఇంకా వెనక్కి పడింది. ఇంకో సందర్భంలో అయితే ప్రణవి ఆ సీను వీడియో తీసి మాయకి పంపించేది.

"సారీ," అన్నాడు ఎలాగో నిటారుగా కూర్చుని. "ఐ యామ్ సో సారీ. మీ అమ్మగారు నవంబర్ నుంచి గ్రూప్‌లో అడుగుతున్నారు కదా, నీకు తెలిసే అనుకున్నా."

"ఏ గ్రూప్?"

"మా అమ్మ వాళ్ళ వాట్సాప్ గ్రూప్. ఇక్కడ పుట్టిన అబ్బాయి కావాలి, బాతు ఉన్న ఆ పైరేట్ కార్టూన్ చూసేవాడైతే ఇంకా మంచిది అని పెట్టారు. అందరూ నవ్వే ఎమోజీలు పెట్టారంట. మా అమ్మ పెట్టలేదు. నా రూమ్ గోడ మీద ఆ బాతే ఉంటుంది."

అమ్మకి హిబి పేరు తెలీదు. ఓడ పేరు తెలీదు. ఎప్పుడు చూసినా 'ఆ అరుపులు ఆపి అన్నానికి రావే' అనడం తప్ప ఒక్క ఎపిసోడ్ చూసి ఎరగదు. అలాంటి అమ్మ వంద మంది ఆడవాళ్ళు నవ్వుతున్నా పట్టించుకోకుండా, బాతుని ఇష్టపడే పిల్లాడి కోసం వెతికిందట. పన్నిన వల చూపిస్తే కోపం తెచ్చుకోవచ్చు. అందులో ప్రతి ముడీ ఇంత ప్రేమగా వేసి ఉంటే ఎవరి మీద అరవాలి?

"నేను నో చెప్తా," అన్నాడు అఖిల్. "నాకు నచ్చలేదు అంటా. నీ మీదకి రాదు."

"నచ్చలేదా?" అనేసి నాలుక కరుచుకుంది.

"అబద్ధం చెప్తా అంటున్నా."

ప్రణవి ఆగిపోయిన ఓడ వైపు తిరిగింది.

"చెప్పు, పర్లేదు," అంది ప్రణవి చివరికి. "నాకు స్టూడెంట్ వీసా వచ్చేస్తుంది. నాన్న ఆఫీస్ నుంచి ఎంప్లాయ్‌మెంట్ లెటర్ రావాలి, అదొక్కటే ఆగింది. వాళ్ళ హెచ్‌ఆర్ పరమ స్లో."

అఖిల్ ఏదో అనబోయి ఆగాడు.

"ఏంటి?"

"అంకుల్ జాబ్ మారారా?"

"లేదు. ఎందుకు?"

"ఏం లేదు."

"అఖిల్."

"నేను లైబ్రరీ నుంచి వర్క్ చేస్తా, ఇంట్లో అమ్మ డిస్టర్బ్ చేస్తుందని. అంకుల్ కూడా రోజూ వస్తారు. పైన కిటికీ పక్కన కూర్చుంటారు. పొద్దున వాళ్ళు డోర్స్ తీసే టైమ్‌కే ఉంటారు. వర్క్ ఫ్రమ్ హోమ్ ఏమో, ఇంట్లో బోర్ కొట్టి వస్తున్నారేమో అనుకున్నా. లంచ్‌కి చిన్న స్టీల్ డబ్బా తెచ్చుకుంటారు."

"ఎప్పటి నుంచి?"

"న్యూ ఇయర్ తర్వాత."

నిన్న పొద్దున కూడా నాన్న మెడలో బ్యాడ్జ్ వేసుకుని బయల్దేరాడు. సాయంత్రం వచ్చి, ఆఫీస్ పార్కింగ్‌లో మంచు తీయలేదు, జారిపడబోయాను అని చెప్పాడు. అమ్మ వేడినీళ్ళు పెట్టిచ్చింది. లెటర్ ఏమైందని ప్రణవి అడిగితే, సోమవారం మళ్ళీ గుర్తు చేస్తానమ్మా అన్నాడు.

మంచు కిటికీని ఇంకొంచెం మింగింది. బేస్‌మెంట్‌లో ప్రొజెక్టర్ వెలుతురు తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఉద్యోగం లేకపోతే లెటర్ లేదు. లెటర్ లేకపోతే స్టూడెంట్ వీసా కాగితాలు లాయర్ టేబుల్ దాటవు. జూన్‌లో ఒక తలుపు మూసుకుంటుందని కదా తను భయపడుతోంది, మిగతా తలుపులు ఎప్పుడో మూసేసి ఉన్నాయి.

పైన తలుపు తెరుచుకుంది.

ముందు అమ్మ, రెండు చేతులతో వెండి పళ్ళెం పట్టుకుని. పళ్ళెంలో తమలపాకులు, అరటిపళ్ళు, మధ్యలో ఆ భరిణె. వెనక ఆంటీ. చివర నాన్న, టీ కప్పుల ట్రే చూసుకుంటూ ఒక్కో మెట్టూ దిగుతున్నాడు.

"మాట్లాడుకున్నారా?" అంది అమ్మ, చిన్నపిల్లలా ఆశగా.

"నాన్నా," అంది ప్రణవి. "సోమవారం నన్ను నీతో ఆఫీస్‌కి తీసుకెళ్తావా? మీ హెచ్‌ఆర్‌ని నేనే అడుగుతా లెటర్."

నాన్న మెట్టు మీదే ఆగిపోయాడు. "సోమవారం హాలిడే కదమ్మా."

"అయితే మంగళవారం."

"మంగళవారం..." అంటూ నాన్న కళ్ళెత్తి అఖిల్‌ని చూశాడు. అఖిల్ తన సాక్స్ చూసుకుంటున్నాడు. ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. నాన్న ట్రేని ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా ఆ మెట్టు మీదే కూర్చున్నాడు.

"జూన్ దాకా టైమ్ లేదు, ప్రణూ. ఈ నెలాఖరు దాకానే."

"ఏంటన్నయ్యగారూ?" అంది ఆంటీ.

"న్యూ ఇయర్‌కి మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఉద్యోగం లేకుండా ఇక్కడ ఉండనిచ్చే గ్రేస్ పీరియడ్ నెలాఖరుకి అయిపోతుంది. ఈలోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే జూన్ ఊసే లేదు, అందరం కలిసి బయల్దేరడమే. లాయర్ ఎంప్లాయ్‌మెంట్ లెటర్ అడిగాడు. ఎంప్లాయ్‌మెంట్ ఉంటే కదా ఇవ్వడానికి." చివర్లో నవ్వబోయాడు, కుదరలేదు.

ప్రణవి అమ్మ వైపు చూసింది. పళ్ళెం పడేస్తుందని, కూలబడుతుందని అనుకుంది. అమ్మ ట్రెడ్‌మిల్ దగ్గరికి వెళ్ళి, ఆరేసిన టవల్ ఒకటి పక్కకి జరిపి, పళ్ళెం అక్కడ జాగ్రత్తగా పెట్టింది.

"నాకు తెలుసు," అంది.

నాన్న తలెత్తాడు.

"పదహారేళ్ళలో మీరు ఒక్కరోజు లంచ్ డబ్బా కడిగి తెచ్చారా? సాంబారు ఎండిపోయి అట్ట కట్టి వచ్చేది. జనవరి నుంచి రోజూ తళతళ మెరుస్తూ వస్తోంది. తీరిగ్గా డబ్బా తోముకునే టైమ్ ఆఫీస్‌లో ఎవరికుంటుంది?"

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారనుకున్నా."

జ్ఞానప్రసూన ఆంటీ ట్రెడ్‌మిల్ దాకా వెళ్ళి, భరిణె మూత బిగించి, సంచిలో వేయబోయి, ఏమనుకుందో మళ్ళీ పళ్ళెంలోనే పెట్టింది.

"ఉద్యోగం పోవడం తప్పు కాదు, రేణుగారూ," అంది. వదిన మాట ఎటు పోయిందో. "మా ఆయనకి రెండుసార్లు పోయింది. కానీ ఆకూ వక్కా పళ్ళెంలో పెట్టేదాకా మాకు చెప్పకపోవడం మాత్రం బాగాలేదు. అఖిల్, కార్ తియ్."

అఖిల్ కదల్లేదు. ఆంటీయే విసవిసా మెట్లెక్కింది. మెయిన్ డోర్ తీసిన చప్పుడు, ఇల్లంతా దూసుకొచ్చిన చలి, వెంటనే డోర్ వేసిన చప్పుడు. తిరిగి దిగేసరికి జుట్టు నిండా తెల్లటి పొడి.

"కారు ఎక్కడుందో కనపడటం లేదు," అంటూ సోఫాలో కూలబడింది.

"మంచు తోసే ప్లౌ బండి వచ్చి రోడ్డు క్లియర్ చేసేదాకా ఈ వీధిలోంచి ఎవరూ కదల్లేరండీ," అన్నాడు నాన్న, అదేదో తన తప్పే అయినట్టు.

అమ్మ పళ్ళెం తెచ్చి పక్కన పెట్టుకుని, ప్రణవి కుర్చీ ముందు కార్పెట్ మీద కూర్చుంది. కూతురి చేతిలోంచి పాప్‌కార్న్ గిన్నె తీసి పక్కన పెట్టింది.

"నీకు చెప్పకుండా పిలిచాను, అది నా తప్పే. నువ్వు కండిషన్ పెట్టావని నేనే కల్పించాను, అదీ నా తప్పే. కానీ నువ్వు ఇక్కడే పెరిగావే. నీ కాలేజీ, నీ మాయ, నీ బాతు అన్నీ ఇక్కడే. మేం వెళ్ళిపోవాల్సొస్తే నువ్వైనా ఉండాలి."

"మీరు లేకుండానా?"

అమ్మ కార్పెట్ మీద పడిన పాప్‌కార్న్ గింజలు ఏరడం మొదలుపెట్టింది. అంటే ఈ మాట అమ్మ ఎప్పుడో అనుకుంది, చాలాసార్లు అనుకుంది, తనలో తనే ఏడ్చేసి ముగించేసింది. ప్రణవి ఔనంటే ఈ ఇల్లు ఉండదు, ఈ ఇద్దరూ ఉండరు. కాదంటే నెలాఖరుకి ముగ్గురూ ఒకే విమానంలో, తనకి గుర్తు కూడా లేని ఊరికి.

"ఆంటీ," అన్నాడు అఖిల్ రేణుతో, నెమ్మదిగా. "ఇలా కాదు. తనకి టైమ్ ఇవ్వండి."

"ఇస్తాను నాన్నా. ప్లౌ వచ్చేలోపు చెప్పమంటున్నా, అంతే. అది వచ్చిందంటే మీ అమ్మగారు ఆగరు. మళ్ళీ మా గడప తొక్కరు."

జ్ఞానప్రసూన ఆంటీ జుట్టులో మంచు దులుపుకుంటూ తలూపింది.

ప్రణవి తెర వైపు చూసింది. అక్కడ ఓడ ఇంకా అలాగే ఆగి ఉంది. రిమోట్ తన ఒళ్ళోనే ఉంది, ఒక్క బటన్ నొక్కితే వాళ్ళ ఓడ కదులుతుంది. తర్వాత అఖిల్ వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు, నా కోసం ఔననకు అన్నట్టు. ఆ ఒక్క సైగ వల్లే, ఈ రోజంతటిలో మొదటిసారి, ఏం చెప్పాలో తనకి తెలిసినట్టనిపించింది.

"అమ్మా, నేను..."

అప్పుడే వీధి చివర రోడ్డుని గీరుకుంటూ ఇనుప చప్పుడు మొదలైంది. కిటికీలో మిగిలిన ఆ కాస్త సందులోంచి నారింజ రంగు దీపం ఒకటి తిరుగుతూ వచ్చి, గోడ మీదా, ఆగిపోయిన తెరచాప మీదా, నాన్న మొహం మీదా పడింది.

జ్ఞానప్రసూన ఆంటీ పర్స్ అందుకుని లేచి నిలబడింది.

అమ్మ కూతురి మొహం మీద నుంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాపి, ఆంటీ బిగించిన భరిణె మూత మళ్ళీ తీసింది.